మూడో బల్ల మీది గిన్నె

శఠగోపం ముప్పై నాలుగేళ్ళు వంట చేశాడు. ఒక్కనాడు కూడా రుచి చూడలేదు.

వడమాలపేట దాటాక రోడ్డు నుంచి లోపలికి మళ్ళితే ఒక చిన్న పెరుమాళ్ళ గుడి వస్తుంది. ఆ గుడి వంటింటిని మడపల్లి అంటారు. అందులో ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడేది కాదు. తెల్లారకముందే తలమీద నీళ్ళు పోసుకుని, తడిబట్టతోనే పొయ్యి రాజేసి, ముక్కూ మూతీ కలిపి గుడ్డ కట్టుకునేవాడు. దేవుడికంటే ముందు వాసన కూడా మనిషికి చేరకూడదని నియమం. ఇక ఉప్పు చూడటమనే మాటే లేదు. నివేదనయ్యి, తలుపులు తెరిచి, జనం చేతుల్లో దొన్నెలు పడ్డాక గాని ఆ పూట ఉప్పు సరిపోయిందో లేదో ఆయనకే తెలిసేది కాదు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు చెయ్యి తప్పేది. అప్పుడు శఠగోపం చేసే పనిని తల్చుకుంటే ఆయన కూతురు హంసినికి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆయన గరిటె పక్కన పెట్టి, ప్రసాదం పంచే చోట నిలబడి, వరసలో వచ్చే ప్రతి ఒక్కరికీ చేతులు జోడించి చెప్పేవాడు. "ఈపొద్దు పులిహోరలో ఉప్పు పడలేదు. నా చేతి తప్పు. స్వామిది కాదు." అరవైమంది వస్తే అరవైసార్లు.

ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక శనివారం హంసిని స్నేహితురాళ్ళు ముగ్గురు ఆ మాట విన్నారు. సోమవారం మధ్యాహ్నం స్కూల్లో అన్నం డబ్బాలు తెరిచి, చేతులు జోడించి, "ఈపొద్దు కూరలో కారం ఎక్కువైంది, మా అమ్మ చేతి తప్పు" అని ఒకరి తర్వాత ఒకరు అన్నారు. హంసిని కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడుపు వచ్చేది. ఆ రోజు మొదలు, తండ్రితో వీధిలో నడిచేటప్పుడు రెండడుగులు వెనక నడవడం అలవాటు చేసుకుంది.

ఇప్పుడు హంసినికి ముప్పై మూడేళ్ళు. తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. భర్త శేషసాయి శ్రీసిటీలో ఫ్యాక్టరీకి రోజూ బస్సులో వెళ్ళి వస్తాడు. తల్లి రమామణి పోయాక నాలుగేళ్ళ నుంచి శఠగోపం వీళ్ళ దగ్గరే ఉంటున్నాడు. మనవరాలు రంగప్రియకు ఆరేళ్ళు. మూడేళ్ళప్పుడు ఆ పిల్ల తాత చేసిన చక్కెర పొంగలిలో ఒక జీడిపప్పు పలుకు తింది. పది నిమిషాల్లో పెదాలు వాచి, ఊపిరి పిల్లికూతలు కూసింది. ఆసుపత్రిలో రెండు రాత్రులు గడిచాయి. ఆ తర్వాత శఠగోపం ఇంట్లో జీడిపప్పు ముట్టలేదు. హంసిని మాత్రం అప్పటి నుంచి బిస్కెట్ ప్యాకెట్ మీది చిన్న అక్షరాలను రెండుసార్లు చదవందే చింపదు. పిల్ల తుమ్మితే చాలు, సంచిలో మందు సీసా ఉందో లేదో తడుముకుంటుంది.

ఆ పిల్ల ఫోన్లో ఎవరో చాక్లెట్ తయారు చేసే వీడియో చూసి, తనూ చేస్తానని నెల రోజులు పట్టుబట్టింది. హార్సిలీ హిల్స్ కింద, మామిడి తోటలో, ఒకమ్మాయి కోకో గింజల నుంచి చాక్లెట్ చేయడం నేర్పిస్తోందని హంసిని కాలేజీలో ఎవరో చెప్పారు. డిసెంబరు సెలవుల్లో బయలుదేరారు. శేషసాయికి షిఫ్టు మారి సెలవు దొరకలేదు. హంసినే కారు నడిపింది.

శఠగోపం వెనక సీట్లో కూర్చున్నాడు. ఒళ్ళో స్టీలు క్యారియర్లో దద్దోజనం, పక్కన మూతపెట్టిన చిన్న రాగి చెంబులో తులసి వేసిన నీళ్ళు. బయట తిండి ఆయన తినడు.

"ఇప్పుడు పోతాండే కొండ మీద ఏ స్వామమ్మా?" అని భాకరాపేట ఘాటు ఎక్కుతుండగా అడిగాడు.

"గుడి ఉంది గాని, మనం వెళ్ళేది గుడికి కాదు నాయనా. ఊరికే చూడ్డానికి. చల్లగా ఉంటుంది."

"దేవుని కోసరం గాకుండా కొండకు పోయేది నా జన్మలో ఇదే."

"తాతా, మనం చాక్లెట్ చేయడానికి పోతున్నాం!" అంది రంగప్రియ.

"అట్లనా. అయితే అదీ ఒక మడపల్లే," అన్నాడు శఠగోపం. పిల్ల నవ్వింది. హంసిని అద్దంలో తండ్రి నుదుటి నామం చూసి, అక్కడికి ఎలాంటివాళ్ళు వస్తారో, అందరూ ఈయన్ను ఎలా చూస్తారో అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

తోటలో రేకుల కప్పు వేసిన పొడవాటి గది. మూడు బల్లలు, గోడ దగ్గర నాలుగు గ్రైండర్లు. ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్లే, కాకపోతే వాటిలో కోకో గింజలు, పంచదార రెండు రోజులుగా తిరుగుతూ నల్లటి నూనెలాంటి ముద్ద అవుతున్నాయి. గదంతా వేయించిన గింజల చేదు వాసన. బెంగుళూరు నుంచి, మదనపల్లె నుంచి వచ్చినవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. నేర్పే అమ్మాయి పేరు స్రవంతి. సొంతూరు మదనపల్లె, బెంగుళూరులో బేకరీ పని చదువుకుని వచ్చింది.

"మొదటి రెండు బల్లలు నేను చూసుకుంటాను. మూడో బల్ల నాగులమ్మ చూస్తుంది," అంది స్రవంతి. "మామిడికాయలు కోసే పనికి వచ్చింది, రెండేళ్ళలో నా పని నేర్చేసుకుంది. మీ ముందుకు రావడం ఈరోజే మొదటిసారి. చప్పట్లు కొట్టండి."

నాగులమ్మకు యాభై ఉంటాయి. చీర మీద కొత్త తెల్ల ఏప్రన్, మడతలు ఇంకా పోలేదు. చప్పట్లకు సిగ్గుపడి, ఏప్రన్ అంచు చేత్తో నున్నగా రాసుకుంది.

"ఇంట్లో సెప్పొచ్చినాను, ఈపొద్దు నేను టీచరమ్మనని," అంది మూడో బల్ల దగ్గరికి వచ్చి. "నా మనవడు నవ్వుతాడు. నీకు ఏబీసీడీలే రావు, నువ్వేం టీచరమ్మ అని."

మూడో బల్ల దగ్గర హంసిని, రంగప్రియ, బెంగుళూరు నుంచి వచ్చిన కొత్త జంట. శఠగోపం వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

హంసిని మొదట అడిగింది జీడిపప్పు గురించే. గిన్నెల్లో జీడిపప్పు వేశారా, ఎప్పుడు వేశారు, గరిటెలు వేరా, ఒకటేనా. స్రవంతికి చెప్పింది, మళ్ళీ నాగులమ్మకు చెప్పింది. పాప సంగతంతా చెప్పింది.

"నిన్న జీడిపప్పువి చేసినాం మేడమ్. పొద్దున్నే సబ్బేసి కడిగి ఎండలో బోర్లించినా," అంది నాగులమ్మ.

"ఇంకొక్కసారి కడిగితే నాకు మనసు కుదురుగా ఉంటుంది. ఏమనుకోకండి."

నాగులమ్మ ఏమీ అనుకోలేదు. గిన్నె, గరిటె, రబ్బరు పట్టీ అన్నీ తీసుకెళ్ళి కడిగింది. ఒక బట్టతో తుడిచి, పొడి బట్టతో ఇంకోసారి తుడిచి, గిన్నెను కిటికీ వెలుతురుకు ఎత్తి, తిప్పి తిప్పి చూపించింది. "సూడండి మేడమ్. సుక్క ల్యా."

చుక్క లేకపోవడం ఎందుకంత ముఖ్యమో తర్వాత స్రవంతి చెప్పింది. "ఈ గదిలో ఒకటే కట్టుబాటు. కరిగిన చాక్లెట్ దగ్గరికి నీళ్ళు రాకూడదు. ఒక్క చుక్క కూడా. ఎందుకో ఎవరైనా చెప్తారా?"

హంసిని చెయ్యి ఎత్తింది. క్లాసులో తను అడిగే ప్రశ్నలకు పిల్లలు చెయ్యి ఎత్తితే ఎంత ఇష్టమో, తను ఎత్తడమూ అంతే ఇష్టం ఆమెకు. "చాక్లెట్‌లో నీళ్ళుండవు. పంచదార నలుసులు కోకో కొవ్వులో తేలుతూ ఉంటాయి. నీటి చుక్క పడితే ఆ నలుసులు తడిని పీల్చుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి. కరిగి జారుతున్నది కాస్తా క్షణంలో గడ్డకడుతుంది."

"భలే చెప్పారు! మీరేం చేస్తారండీ?"

"కెమిస్ట్రీ లెక్చరర్‌ని."

మళ్ళీ చప్పట్లు. నాగులమ్మ కూడా కొట్టింది. "సదువుకున్నోళ్ళు సెప్తే ఎంత నున్నగుంటాదో సూడు. ఆ మాట తెలుసుకునేదానికి నాకు నాలుగు గిన్నెలు సెడిపోయినాయి," అంది. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. హంసినికి ఆ రోజు బాగా గడుస్తుందనిపించింది.

గింజలు వేయించారు. నాగులమ్మ చేటలో పొట్టు చెరిగి చూపించింది. ఆమె మణికట్టు ఒక్క ఊపు ఊపితే పొట్టు గాలికి లేచి పోతోంది, పలుకులు ఉన్నచోటే ఉంటున్నాయి. వేరుశనగ చెరిగిన చేతులవి. గ్రైండర్లోంచి ముద్ద తీసి, నీళ్ళ ఆవిరి కూడా తగలకుండా విద్యుత్ పళ్ళెం మీద సన్నటి సెగన కరిగించారు. పాలరాతి బండ మీద పోసి, పట్టీతో అటూ ఇటూ తిప్పి చల్లార్చి, తిరిగి గిన్నెలోకి ఎత్తారు. రంగప్రియ రెండు చేతులా గరిటె పట్టుకుని కలుపుతోంది. చాక్లెట్ అద్దంలా మెరుస్తోంది. అందులో పిల్ల ముఖం కనిపిస్తోంది.

"ముప్పయ్యొకటి," అంది హంసిని థర్మామీటరు చూసి.

నాగులమ్మ గరిటె కొసను తన మణికట్టుకు తాకించుకుంది. "ఆ. ఇంగ పోసేదే. అచ్చులు తెస్తా. పాపా, అంతలోకి ఒక సుక్క నాలిక మీద ఏసుకో, తియ్యగుందో లేదో నాకు సెప్పల్ల."

ఆమె అచ్చుల కోసం గది చివర కిటికీ వైపు వెళ్ళింది. పిల్ల వేలు ముంచబోతుంటే హంసిని ఫోన్ తీసి వీడియో పట్టింది. శేషసాయికి పంపాలని.

శఠగోపం దాదాపు అంతసేపూ బెంచీ మీద బుద్ధిగా కూర్చున్నాడు. నీళ్ళ కట్టుబాటు గురించి స్రవంతి చెప్పినప్పుడు ఆయన గ్రైండర్ల దగ్గర నిలబడి అవి తిరగడం చూస్తున్నాడు. వాటి రొదలో ఆయనకు ఏదీ వినబడలేదు. ఇప్పుడు ఆయనకు కనబడింది ఒకటే. కొత్తగా వండిన పదార్థం, దేవుడికి చూపించకముందే, పిల్ల నోటికి వెళ్తోంది. ముందొకసారి తన చేతి తిండి తిని చావు దాకా వెళ్ళి వచ్చిన పిల్ల.

హంసిని ఫోన్ తెరలోకి ఒక ముసలి చెయ్యి వచ్చింది. వేళ్ళ మధ్య తులసాకు. "గోవిందా" అన్న మాట వినీ వినపడకుండా వినిపించింది. తులసాకు కొసనుంచి మూడు చుక్కలు రాలాయి. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

శఠగోపం పిల్ల తల నిమిరి, మాధ్యాహ్నిక సంధ్యకు వేళైందని చెంబు పట్టుకుని కొళాయి వెతుక్కుంటూ తోటలోకి వెళ్ళాడు.

రంగప్రియ గరిటె తిప్పింది. గరిటె ఆగిపోయింది. అద్దంలా మెరిసినది ముందు మసకేసింది, తర్వాత పలుకులు కట్టింది, నాలుగు తిప్పులు తిప్పేసరికి తడిసిన ఎర్రమట్టి ముద్దలా గరిటెకు పట్టుకుంది. బెంగుళూరు అమ్మాయి "అయ్యయ్యో" అంది.

స్రవంతి వచ్చింది. గరిటెతో ఒకసారి నొక్కి చూసింది. "నీళ్ళు పడ్డాయి," అంది.

హంసిని నోరు తెరిచింది. బెంగుళూరు జంట ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. పక్క బల్లలవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. తను లెక్చరరు. ఇందాక చప్పట్లు కొట్టించుకుంది తనే. తండ్రి ఇప్పుడు లోపలికొస్తే, విషయం తెలిస్తే, చేతులు జోడించి మూడు బల్లలకూ తిరుగుతాడు. ఈపొద్దు చాక్లెట్ చెడింది, నా చేతి తప్పు. వీళ్ళు అది వీడియో తీస్తారు.

ఆమె నోరు మూసుకుంది.

"ఆమె గిన్నె ఇప్పుడే కడిగి తెచ్చింది కదండీ," అన్నాడు బెంగుళూరు అబ్బాయి. పాపం, అతను సాయం చేద్దామనే అన్నాడు.

"నాగులమ్మా, గిన్నె తడిగా ఉందా?"

"లేదు మేడమ్. రెండు బట్టలతో తుడిసినా." నాగులమ్మ అచ్చుల పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది.

"మరి నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎన్నిసార్లు చెప్పాను, కడిగిన గిన్నె వెంటనే వాడొద్దని." స్రవంతి గొంతు పెంచలేదు. పెంచకపోవడంతో అందరికీ ఇంకా బాగా వినిపించింది.

"అమ్మా, తాత..." అంది రంగప్రియ.

బల్ల కింద హంసిని పిల్ల మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నాననే అనుకుంది. పిల్ల మాట సగంలో తెగిపోయి, ఊపిరి లోపలికి పీల్చుకుని, తల్లి ముఖంలోకి చూసింది.

నాగులమ్మ కూడా హంసిని వైపు చూసింది. చూపులో కోపం లేదు, బతిమాలడం లేదు. ఏదో మాట వస్తుందని కాచుకున్నట్టు చూసింది, అంతే. హంసిని థర్మామీటరు వైపు చూసింది. అందులో ఇంకా ముప్పయ్యొకటే ఉంది.

"నేనే సరిగ్గా తుడిసినట్టు లేదు మేడమ్," అంది నాగులమ్మ చివరికి.

"సరే. నువ్వు గింజల దగ్గరికి వెళ్ళు. ఈ బల్ల నేను చూసుకుంటాను."

నాగులమ్మ ఏప్రన్ విప్పి, ఉన్న మడతల ప్రకారమే మడిచి, బల్ల చివర పెట్టి వెళ్ళిపోయింది. కాసేపటికి గది మూలనుంచి చేట చప్పుడు వినిపించింది. హంసిని చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి ఫోన్లో ఆ వీడియో తీసేసింది. మూడు క్షణాల పని.

తర్వాత అన్నీ సజావుగానే జరిగాయి. స్రవంతి ఇంకో గిన్నె తెచ్చింది, అచ్చులు నింపారు, నేరేడుపండు రంగు పెట్టెలో పన్నెండు చాక్లెట్లు కట్టి ఇచ్చారు. శఠగోపం తోటలో దద్దోజనం తిని, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఆ నాగులమ్మ చేటకాడ కూర్చోనిందేమమ్మా? ఏప్రన్ ఏమైంది?" అని అడిగాడు.

"ఆమె పని అదే నాయనా," అంది హంసిని.

కారులో రంగప్రియ పెట్టె తెరవలేదు. కారు కుదుపుకు కళ్ళు తిరుగుతున్నాయేమో అని హంసిని అద్దాలు దించింది. వాంతి వస్తోందా అని మూడుసార్లు అడిగింది. పిల్ల లేదని తల ఊపింది. జీడిపప్పు ఏమైనా తగిలిందేమోనని హంసిని అంగళ్ళు ఊరి దగ్గర కారు ఆపి, పిల్ల పెదాలు చూసింది, గోళ్ళు చూసింది, ఊపిరి విన్నది. అన్నీ బాగానే ఉన్నాయి.

శఠగోపం పిల్లను దింపి, సీసాలో నీళ్ళతో చేతులు కడగబోయి ఆగాడు. పిల్ల ఎడమ మణికట్టు మీద చంద్రవంకల్లా నాలుగు గోరుగుర్తులు ఎర్రగా లేచి ఉన్నాయి.

"ఇదేంది బంగారూ?"

"నేను చెప్పకూడదు."

"ఎవురు చెప్పొద్దన్నారు?"

పిల్ల తల్లి వైపు చూసింది. "ఎవరూ అనలేదు. నాకే తెలిసింది," అంది.

జీడిపప్పు పలుకు పిల్ల దరిచేరకుండా మూడేళ్ళు కాచింది తను. ఇది మాత్రం తన చేత్తోనే పెట్టింది.

చెప్పేసింది. చెట్టు నీడన, లారీలు పోతుండగా, తండ్రి ముఖం చూడకుండా, తులసాకు దగ్గర్నుంచి వీడియో తీసేయడం దాకా అంతా చెప్పింది.

శఠగోపం పిల్ల చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని నీళ్ళు పోసి మెల్లగా రుద్దాడు.

"నీళ్ళు పడగూడదని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"నాకొక మాట చెప్పింటే దూరంగా కూర్చోనుందును గదమ్మా." సీసా మూత పెట్టి, "నేను చేతులు జోడిస్తానని భయపడినావు," అన్నాడు.

హంసిని రోడ్డు మీది లారీల వైపు చూసింది.

"చిన్నప్పుడు గూడా అంతే. రెండడుగులు వెనక వచ్చేదానివి. నేను మెల్లగా నడిస్తే నువ్వింకా మెల్లగా నడిచేదానివి." ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అది మన ఇంటి సంగతి. దానికేంలే. ఆయమ్మ ఏం చేసిందమ్మా? బండి తిప్పు."

"నాయనా, చీకటి పడితే ఘాటులో మంచు... పాప అలిసిపోయింది. ఫోన్ చేసి చెప్తాను."

"ఉప్పు లేదని ఫోన్లో చెప్తారా ఎవరన్నా? నువ్వు పో. నేను ఈడ బస్సెక్కి పోయొస్తా." ఆయన అప్పటికే చెంబు చేతికి తీసుకుని రోడ్డు అవతలికి చూస్తున్నాడు.

హంసిని బండి తిప్పింది.

తోటకు చేరేసరికి ఎండ వాలింది. క్లాసు అయిపోయింది గాని బెంగుళూరు జంట ఇంకా వెళ్ళలేదు, పెట్టెలు కొంటున్నారు. హంసిని మనసులో వాళ్ళు లేకపోతే బాగుండునని అనుకుంది. అలా అనుకున్నానని వెంటనే తెలిసి, తల దించుకుంది.

శఠగోపం గుమ్మంలోనే స్రవంతికి చేతులు జోడించాడు. "తల్లీ, పొద్దున ఆ గిన్నె చెడింది నా వల్ల. బిడ్డ తింటాదని తులసి నీళ్ళు చల్లినాను. నా చేతి తప్పు. ఆయమ్మది కాదు."

హంసిని చెవులు వేడెక్కాయి, ఇరవై ఏళ్ళ కిందటి లాగే. ఆమె ముందుకు వచ్చింది.

"ఆయనకు తెలియదండీ. చుక్కలు పడటం నేను చూశాను. చూసి ఊరుకున్నాను. గిన్నె మళ్ళీ కడగమన్నదీ నేనే, ఆమెను అన్నప్పుడు మాట్లాడనిదీ నేనే."

స్రవంతి ముఖం ముందు అర్థం కానట్టు, తర్వాత అర్థమైనట్టు మారింది. "మీరు లెక్చరర్ కదండీ," అంది. తిట్టినా అంత తగిలేది కాదు.

నాగులమ్మను పిలిచారు. చీర కొంగుకు కోకో పొట్టు అంటుకుని వచ్చింది. స్రవంతి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"తెలుసు మేడమ్. కిటికీ కాడ్నుంచి సూసినా. పెద్దాయన తులిసాకు పట్టుకోని వొచ్చేది సూసినా. ఈమె ఫోన్లో సూసేదీ సూసినా." ఆగి, "బిడ్డ సెయ్యి పట్టిందీ సూసినా," అంది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది స్రవంతి.

"ఏమని సెప్పేది? పెద్దాయన మనవరాలికి మంచి జరగల్లని సల్లినాడు. అది తప్పని నలుగురి ముందర నేనెట్ల సెప్పేది? ఈమె సెప్తాదేమోనని సూసినా. సదువుకున్నామె గదా. నాకంటే నున్నగా సెప్తాదని."

బెంగుళూరు అబ్బాయి పెట్టెలను తదేకంగా చూడటం మొదలుపెట్టాడు.

"నన్ను క్షమించండి," అంది హంసిని.

"నాకేముండాది మేడమ్. నాకు గిన్నే వొచ్చు, సేటా వొచ్చు. ఇంట్లో మనవడు అడిగితే ఏం సెప్పల్లనా అనే దిగులు. ఇంగ జరిగినట్టే సెప్తా." ఆమె రంగప్రియ వైపు చూసింది. "నాకు గాదు, ఆ బిడ్డకు సెప్పండి."

స్రవంతి బల్ల మీది ఏప్రన్ తీసి చాచింది. నాగులమ్మ తీసుకోలేదు. "ఈపొద్దు వొద్దు మేడమ్. రేపు సూద్దాం," అంది.

హంసిని పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్లే అడిగింది. "ఇప్పుడు చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు."

రంగప్రియ నాగులమ్మ వైపు తిరిగి, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు గట్టిగా చెప్పింది. "తాత నీళ్ళు చల్లాడు. నేను చెప్పబోయాను. మా అమ్మ గిచ్చింది." గది ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడింది. హంసిని కదలకుండా అలాగే కూర్చుని విన్నది.

"ఆ గడ్డ ఏం చేసినారమ్మా? పారబోసినారా?" అని శఠగోపం అడిగాడు. తిండి పదార్థం ఆయనకు ముందు గుర్తొస్తుంది.

"పారబోస్తారా సామీ యాడన్నా? సుక్క నీళ్ళకు గడ్డకడతాది గాని గలాసుడు పోసి కాగబెడితే మళ్ళా కరిగిపోతాది. మధ్యాన్నమే కలిపి పెట్టినా." నాగులమ్మ లోపలికి వెళ్ళి, మళ్ళీ వేడిచేసి, గ్లాసులో నల్లటి చాక్లెట్ పానీయం తెచ్చింది. ఆ సంగతి హంసినికీ తెలుసు, ఏదో పుస్తకంలో చదివింది. పొద్దున ఆమె బుర్రకు అందలేదు.

నాగులమ్మ గ్లాసు పిల్లకిస్తూ, హంసిని వైపు చూడకుండానే, "జీడిపప్పు లేదు మేడమ్. గిన్నె కడిగిందే," అంది.

హంసిని మళ్ళీ ఏమీ అడగలేదు.

రంగప్రియ గ్లాసును పెదాల దాకా తెచ్చి, ఆగి, తాత ముందుకు చాచింది. "తాతా, నువ్వు నీళ్ళు చల్లు. దీంట్లో చల్లినా ఏం కాదంట."

శఠగోపం చెంబు మూత మీద చెయ్యి వేశాడు. వేసినవాడు మూత తియ్యలేదు. తలెత్తి హంసిని వైపు చూశాడు. ముప్పై నాలుగేళ్ళు దేవుడి ముందు ఎవరినీ అడగకుండా చేసిన పనికి ఆయన ఇప్పుడు కూతురి అనుమతి కోసం ఆగాడు. ఆ రోజంతటిలో హంసిని తట్టుకోలేకపోయింది ఆ చూపునే.

"చల్లు నాయనా," అంది. ఈసారి గదంతా వినబడేలా మళ్ళీ అంది.